పిలుపుల దుకాణం

జ్ఞానాంబ టీచరుగారిని ఎవరేది అడిగినా, ముందు ఆ ప్రశ్నలోని తెలుగు బాగుచేసేవారు. జవాబు తరవాతి సంగతి. అది ఒక్కోసారి వారం తిరిగాక వచ్చేది, ఒక్కోసారి రానే రాదు. పార్వతీపురం చుట్టుపక్కల బడుల్లో నలభై ఏళ్లు తెలుగు చెప్పి, ఉద్యోగం దిగి పద్ధెనిమిదేళ్లయినా ఆవిడకు ఆ అలవాటు పోలేదు. ఆదివారం పొద్దున్నే పాత శిష్యులు పదిమంది ఆవిడ వసారాలో చేరి పద్యాలకు అర్థాలు చెప్పించుకునేవారు. వాళ్లలో తల నెరిసినవాళ్లున్నారు, మనవల్ని ఎత్తుకున్నవాళ్లున్నారు. అయినా ఆవిడ ఎదట నోరు విప్పాలంటే ప్రతివాళ్లూ మాటను లోపల ఒకసారి సరిచూసుకునే పైకి తీసేవారు.

ఆ ఆదివారం ప్రశ్న అడిగింది మంగవేణి. ఆమె ఊళ్లోని ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. వారం రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న కాబట్టి తొందరపడి సరిచూసుకోవడం మరిచిపోయింది.

“టీచరుగారూ, నవ్వులాటకి ఇచ్చింది దానమౌద్దా అండీ?”

“‘దానమవుతుందా’ అను,” అన్నారు టీచరుగారు, చింతపండులోంచి పిక్కలు తీస్తూ.

“దానమవుతుందా అండీ?”

“ఇప్పుడు చెప్పు. ఏమిటి సంగతి?”

సంగతి ఇది. కొండల మీది ఊళ్లనుంచి కాన్పుకు దిగివచ్చే ఆడవాళ్లను నొప్పులు మొదలయ్యాక డోలీలో మోసుకురావలసిన అవస్థ లేకుండా, నెల ముందే తెచ్చి ఉంచడానికి ఊరి చివర ఒక విడిది ఉంది. ఇద్దరు ముసలి నర్సమ్మలు దాన్ని కనిపెట్టుకుని ఉంటారు. దాని పైకప్పు రేకులు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. వానలు దిగేలోగా మార్చకపోతే బాలింతల మంచాల మీదికి నీళ్లు కారతాయి. ఆ రేకుల ఖర్చు మా పిల్లలు పోగుచేసి ఇస్తారని కాలేజీ మాట ఇచ్చింది. ప్రిన్సిపాలుగారు ఆ మాటను తీసుకొచ్చి మంగవేణి నెత్తిన పెట్టారు.

మంగవేణి అనుకున్నది వేరు. డోలీలో వస్తున్న ఒక నిండు గర్భిణి బొమ్మ అతికించి, ఎర్రగుడ్డ చుట్టిన పెట్టె ఒకటి గేటు దగ్గర పెట్టాలి. వచ్చేపోయేవాళ్లు ఆ బొమ్మ చూసి, మనసు కరిగి, ఇవ్వాలి. దానమంటే అది కదా. పిల్లలు ఆ పెట్టెను చూసి పెదవి విరిచారు. “మేడమ్, ఆ బొమ్మ చూడగానే జనం సెల్లులో తల పెట్టేసుకుని ఎల్లిపోతారండి. మేమైనా అంతేనండి,” అన్నాడు సింహాద్రి అనే మూడో సంవత్సరం కుర్రవాడు. వాళ్లకు కావలసింది తిరనాళ్లు. పిడతకింద పప్పు అమ్ముతారట. పది రూపాయలిస్తే లెక్చరర్లకు ఎదురు డిక్టేషన్ ఇచ్చి ఎర్రసిరాతో తప్పులు దిద్దనిస్తారట. ప్రిన్సిపాలుగారు సైకిలెక్కి గ్రౌండు చుట్టూ తిరిగితే, చుట్టుకింతని పందెం కడతారట. ఇంకా పిలుపుల దుకాణమట, బొండాలట, గోరింటాకట.

“పప్పు కొనుక్కుని తిన్నవాడు ఆకలి తీర్చుకున్నాడండీ,” అంది మంగవేణి. “ప్రిన్సిపాలుగారు సైకిలు తొక్కుతుంటే చూసి నవ్వినవాడు సరదా తీర్చుకున్నాడు. అక్కడ వాన పడితే మంచాలు తడుస్తాయని వాళ్లలో ఒక్కరికైనా గుర్తుంటుందా? ఒకళ్ల కష్టం పేరు చెప్పి ఇకిలిస్తుంటే నాకు సిగ్గుగా ఉందండీ.”

వసారాలో ఉన్నవాళ్లందరూ తలలూపారు. టీచరుగారు మెచ్చుకుంటారనే అందరూ అనుకున్నారు. ఆవిడ పిక్కలు తీస్తున్న చెయ్యి ఆపి, “పిలుపుల దుకాణమంటే ఏమిటి?” అని అడిగారు.

“ఏముందండీ, కోతివేషాలు. ఎవరిని ఎలా పిలవాలంటే అలా పిలుస్తారట. చీటీ మీద రాసి డబ్బు వేస్తే చాలు. ‘కలెక్టరుగారూ’ అనమంటే అలాగే అంటారు, ‘ఒరే దున్నా’ అనమంటే అలాగే అంటారు.”

“ఏం రాసినా పిలుస్తారా?”

“అంటున్నారండీ.”

“ఎప్పుడు?”

“వచ్చే శనివారం మధ్యాహ్నమండీ.”

టీచరుగారు ఇంకేమీ అడగలేదు. పళ్లెం పక్కకు జరిపి ఆనాటి పద్యం అందుకున్నారు. ఆవిడ మాట్లాడకపోవడమే జవాబని, తన అభిప్రాయమే ఆవిడదీ అని మంగవేణి ఇంటికి వెళ్లేదాకా అనుకుంది. ఇంటికి వెళ్లాక అంత గట్టిగా అనిపించలేదు. పద్యానికి అర్థం చెబుతూ టీచరుగారు ఆరోజు రెండుసార్లు వరస తప్పారు. అలా ఎప్పుడూ జరగలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వైపు ఊళ్లలో ఆడపిల్లను ముద్దు చెయ్యాలన్నా, కోప్పడాలన్నా, వీధి ఈ చివరనుంచి ఆ చివరికి కేకెయ్యాలన్నా ‘ఒలే’ అనే మాటతోనే. తల్లి కూతుర్ని అంటుంది, అప్ప చెల్లెల్ని అంటుంది, నీళ్ల బిందెతో వెళ్లే మనిషిని పక్కింటి మనిషి ఆపి అంటుంది. టీచరుగారికి ఆ మాట గిట్టేది కాదు. చదువుకున్న పిల్ల నోట అది రాకూడదనేవారు. రేపు మీరు పై ఊళ్లకు ఉద్యోగాలకు వెళితే మీ యాస చూసి ఎవడూ నవ్వకూడదు, నవ్వితే నాకు నవ్వినట్టు అనేవారు. ఆ కసితోనే నలభై ఏళ్లూ పిల్లల నోళ్లలోంచి ఆ మాటను, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ఏరి పారేశారు. మంగవేణి ఆరో తరగతిలో పక్కపిల్లను “ఒలే సరోజినీ” అని పిలిచి దొరికిపోయింది. బెత్తం దెబ్బలేమీ పడలేదు. సాయంత్రం బడి వదిలేదాకా ఆ పిల్లను “ఏమండీ సరోజినిగారూ” అని పిలవాలన్నదే శిక్ష. మంగవేణి ఆరోజు సిగ్గుతో సగం చచ్చింది. ఆ సరోజినిగారు మాత్రం వారం రోజులపాటు నేల మీద నడవలేదు. మొత్తానికి ఆ మాట మంగవేణి నోటినుంచి అప్పుడు పోయింది, మళ్లీ రాలేదు. ఆమె తల్లి ఇంట్లో ఇప్పటికీ “ఒలే ఏణీ” అనే పిలుస్తుంది. పిలిచినట్టు కూడా మంగవేణి గమనించదు, కంచం ముందుకు వెళ్లి కూర్చుంటుంది.

శనివారం వచ్చింది. మంగవేణి మొహం మాడ్చుకునే కాలేజీకి వెళ్లింది. ఎర్రగుడ్డ పెట్టె గేటు దగ్గర ఒంటరిగా ఉంది, లోపల గ్రౌండంతా కిటకిటలాడుతోంది. పిడతకింద పప్పు గంటలోనే అయిపోయి మళ్లీ ఉల్లిపాయలు తరుగుతున్నారు. ప్రిన్సిపాలుగారు మూడో చుట్టులో ఉన్నారు, వెనక నుంచి ఎవరో ఈల వేశారు, ఆయన కూడా బెల్లు కొట్టారు. పిలుపుల దుకాణమంటే రెండు బల్లలు, పైన నీలం పట్టా, ఒక మైకు, దాని వెనక సింహాద్రి. ఆ కుర్రవాడిది ఎవర్నయినా నవ్వించగల నోరు. పిలిపించుకున్నవాళ్లు అందరికీ వినపడేలా పలకాలన్నది ఒక్కటే షరతు. ఫిజిక్సు లెక్చరరు తన చిన్ననాటి పేరు రాసి ఇచ్చాడు. “ఒరే బండోడా” అని మైకు అరిస్తే, “ఏటిరా” అని అంతకంటే గట్టిగా అరిచాడు. బ్యాంకులో పనిచేసే ఒకాయన తనను ‘మహారాజా’ అనిపించుకుని, చాలక, పెళ్లాం చేత కూడా అనిపించమని ఇంకో చీటీ రాశాడు. ఆవిడ ఒప్పుకోలేదు. జనం పడీ పడీ నవ్వుతున్నారు. మంగవేణి అంతదూరంలో నిలబడి చూస్తోంది. ఎంత బిగబట్టుకున్నా ఒకసారి నవ్వు వచ్చేసింది, వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

నాలుగు గంటలవేళ గేటులోంచి జ్ఞానాంబ టీచరుగారు వచ్చారు. గంజి పెట్టిన నేతచీర, చేతిలో గొడుగు. ఆవిడను చూడగానే వరసలో ఉన్నవాళ్లు తమకు తెలియకుండానే తిన్నగా నిలబడ్డారు. ఒకమ్మాయి నోట్లోది మింగేసింది. మంగవేణి పరుగున వెళ్లి కుర్చీ తెప్పించబోయింది. ఆవిడ వద్దన్నారు. ముందున్నవాళ్లు దారి ఇవ్వబోతే అదీ వద్దన్నారు. పిలుపుల దుకాణం ముందు అందరితోపాటు పావుగంట ఎండలో నిలబడి, తన వంతు వచ్చాక, కళ్లజోడు తగిలించుకుని చీటీ రాసి, పది రూపాయల నోటుతో కలిపి ఇచ్చారు.

సింహాద్రి చీటీ చూశాడు. మైకు దగ్గరకు పెట్టుకున్నాడు, దూరం జరిపాడు, మళ్లీ చీటీ చూశాడు. ఏం రాశారోనని మంగవేణి వెనకనుంచి తొంగి చూసింది. ముత్యాల్లాంటి ఆ దస్తూరీ ఆమెకు ఆరో తరగతి నుంచీ తెలుసు. కాని ఆ దస్తూరీలో ఇలాంటి మాటలు చూడడం ఇదే మొదటిసారి.

‘ఒలే గున్నా, కూడు సల్లారిపోతంది, బేగి రాయే.’

“ఊఁ, పిలువు నాయనా,” అన్నారు టీచరుగారు.

సింహాద్రి మైకు మళ్లీ దగ్గరికి తీసుకున్నాడు. ధైర్యమంతా కూడగట్టుకుని మైకులో ఇలా అన్నాడు: “ఒలే గున్నగారూ, అన్నం చల్లారిపోతోందండి, త్వరగా రండి.”

గ్రౌండంతా ఘొల్లుమంది. పాపం వాడు నవ్వించడానికి అన్నది కాదు. ఆవిడ ఎదట వాడి నోరు అలాగే తిరిగింది. ‘ఒలే’ వెనక ‘గారు’ తగిలించిన మొనగాడు ఈ భూమి మీద అంతకుముందు ఎవడూ పుట్టి ఉండడు. అందరితోపాటు టీచరుగారు కూడా నవ్వుతారనుకున్నారు. ఆవిడ నవ్వలేదు.

“అది కాదు. రాసింది రాసినట్టు చదవాలి,” అన్నారు, క్లాసులో అన్నట్టే.

వాడు మళ్లీ మొదలుపెట్టాడు. ‘ఒలే’ దగ్గరే ఆగిపోయాడు. మైకు బల్ల మీద పెట్టేసి, ఆవిడ ఇచ్చిన నోటు తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. “నావల్ల కాదండి. తప్పండి. మా అమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదండి.”

టీచరుగారు ఆ నోటు అందుకోలేదు. బల్ల అంచు పట్టుకున్నారు. ఆ తరవాత, కొట్టుకు వెళ్లి సరుకు అడిగినట్టుగా, మెల్లిగా చెప్పారు.

“నా పేరు గున్నమ్మ నాయనా. బళ్లో వేసినప్పుడు మాస్టారు ఆ పేరు బాగుండదని జ్ఞానాంబ అని రాసుకున్నారు. అమ్మ లేదు, మా అప్పే పెంచింది. గెడ్డ నీళ్లు దాటి అవతల ఆడుకుంటుంటే ఇవతలి గట్టునుంచి అలా పిలిచేది. నాకు ఉద్యోగం వచ్చినా అలాగే పిలిచేది. ఒకసారి మా ఇన్‌స్పెక్టరుగారు ఇంటికి వచ్చి ఉండగా పిలిచింది. పదిమందిలో అలా పిలవకప్పా అన్నాను. ఆ తరవాత మా అప్ప నన్ను ‘టీచరమ్మా’ అనేది. ముప్పయ్యేళ్లు అలాగే అంది. పోయిన ఏడు పోయింది, పోయేముందు కూడా ‘టీచరమ్మా, మంచినీళ్లు’ అనే అడిగింది.”

సైకిలు దిగిన ప్రిన్సిపాలుగారు చెమట తుడుచుకోవడం మానేసి వింటున్నారు.

“బజారుకు వెళితే రోజూ వినపడుతుంది ఆ మాట,” అన్నారు టీచరుగారు. “ఎవరెవర్నో పిలుస్తుంటారు. నేను కూరలు కొనడం అయిపోయినా అక్కడే నిలబడతాను. నన్ను పిలిచేవాళ్లు లేరు. మీరు దుకాణం పెట్టారని తెలిసి వచ్చాను. లేదంటే చెప్పండి, వెళ్లిపోతాను.”

సింహాద్రి తల వంచుకున్నాడు. టీచరుగారు గొడుగు చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ నిజంగానే వెళ్లిపోతారని, వెళ్లిపోతే ఇంక ఈ ఊళ్లో ఎవర్నీ ఎప్పుడూ అడగరని మంగవేణికి అర్థమైంది. ఇక్కడ ఉన్నవాళ్లలో ఆ పిలుపు పుట్టుకతో తెలిసీ, ఆవిడ దగ్గర ఇంతకాలం కూర్చున్నదీ తానే. కాని ఆ మాటను తన నోట్లోంచి తీసేసింది ఆ ఎదురుగా ఉన్న మనిషే. దేవుడి పటానికి కాలు తగిలితే కళ్లకద్దుకున్నట్టు, ఎప్పుడైనా ఆవిడ ఎదట ఒక మాట జారితే వెంటనే దిద్దుకునే అలవాటు తనది. అలాంటి మనిషిని పట్టుకుని ‘ఒలే’ అనాలి.

“టీచరుగారూ,” అంది మంగవేణి. “మైకులో ఆ పిలుపు పలకదండీ. దూరం ఉండాలి. మీరు ఆ వాలీబాల్ వల దగ్గరికి వెళ్లండి.”

టీచరుగారు ఆమె వంక చూశారు. వెనక్కి తిరిగి నడిచారు. జనం పాయలుగా తప్పుకున్నారు. గ్రౌండు అవతలి కొసన, వల పక్కన, ఆవిడ ఇటు వీపు పెట్టి నిలబడ్డారు. అంత దూరంనుంచి చూస్తే బాగా చిన్నగా ఉన్నారు.

మంగవేణి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి చూసింది, గొంతులోకి వచ్చిన మాట ‘ఏమండీ’ అయి కూర్చుంది. కళ్లు మూసుకుంది. సాయంత్రం కుళాయి దగ్గరనుంచి తల్లి తనను ఎలా పిలిచేదో గుర్తుచేసుకుంది. అది మాట కంటే ముందు ఒక రాగం. మొదట మెల్లిగా ఎత్తుకుని, మధ్యలో సాగి, చివర కాస్త కోపంతో తెగుతుంది. ఆ కోపం ఉత్తుత్తిదని పిలిచేవాళ్లకూ తెలుసు, పలికేవాళ్లకూ తెలుసు. ఇన్నాళ్లూ ఇది రోజూ నా చెవిన పడుతూనే ఉంది కదా అనుకుంది మంగవేణి, అనుకోగానే తల్లి మీద ఎక్కడలేని బెంగ పుట్టుకొచ్చింది, ఆ బెంగతోనే గొంతు తెరుచుకుంది.

“ఒలే గున్నా... ఆ... కూడు సల్లారిపోతందే... బేగి రాయే...”

పప్పు అమ్మే బల్ల దగ్గర గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. వల దగ్గర మనిషి కదల్లేదు. వినపడలేదేమో అనుకున్నారు కొందరు. మంగవేణికి మాత్రం వినపడిందని తెలుసు, ఎందుకంటే ఆ వీపు ఒక్కసారిగా కుదురు తప్పింది.

“వస్తన్నానప్పా.”

సన్నటి గొంతు. అది టీచరుగారి గొంతని అక్కడున్నవాళ్లలో ఒక్కరు కూడా పోల్చుకోలేకపోయారు. ఆ వెంటనే ఆవిడ ఇటు తిరిగారు. గొడుగు కింద పడింది, దాన్ని తీసుకోలేదు. డెబ్భయ్యారేళ్ల మనిషి కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని నాలుగడుగులు పరుగులాంటిది పెట్టారు. అంతకంటే కాళ్లు సాగక, మిగతా గ్రౌండంతా గబగబా నడుచుకుంటూ వచ్చారు. వస్తున్నంతసేపూ ఆవిడ చూపు మంగవేణి మీదే ఉంది, కాని చూస్తున్నది మంగవేణిని కాదు. దగ్గరికి వచ్చాక ఆగారు. ఆయాసం తీర్చుకున్నారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు, తుడిచినకొద్దీ తడి అవుతూనే ఉంది.

మంగవేణి ఆవిడ కాళ్ల మీద పడబోయింది. “క్షమించండి టీచరుగారూ, అనకూడని మాట అన్నాను,” అంది. ఆవిడ ఆమె భుజం పట్టుకుని ఆపారు. సింహాద్రి చేతిలో అప్పటికీ అలాగే ఉన్న నోటు తీసుకుని మంగవేణి ఆవిడకు ఇవ్వబోయింది. “ఇది తీసుకోండి. మీ దగ్గర డబ్బు తీసుకోవడమేమిటండీ దీనికి.”

టీచరుగారు ఆ నోటు వైపు చూడనైనా చూడలేదు. చేతిసంచీ తాడు విప్పి, లోపల తడుముకుని, ఇంకో నోటు తీశారు. తీసి, సింహాద్రి వైపు తిరిగారు.

“ఇంకోపాలి పిలిపించుకోవాలంటే మల్లీ ఎనక్కెల్లి నిలబడాలేటి?”